క్షమాభిక్ష మీద ఆదివారం క్లాసు బాగుంది, కానీ బర్మా ఎక్కడ మాస్టారూ?

ద్వారకానగర్ అంటేనే కోచింగ్ సెంటర్లు కదా, ఆ బోర్డుల మధ్యలో ఒక మేడ మీద ఆదివారం సాయంత్రాలు ఒక రిటైర్డ్ మాస్టారు ప్రపంచ చరిత్ర చెప్తున్నారు. కోర్సుకి ఒక్కటే టాపిక్ తీసుకుంటారు, దాన్నే పట్టుకుని చివరిదాకా నడిపిస్తారు. ఈసారి పెట్టింది మిలిటరీ కుట్ర చేసి ప్రభుత్వాన్ని పడగొట్టినోళ్లకి క్షమాభిక్ష ఇవ్వొచ్చా అనే టాపిక్. వచ్చేవాళ్లలో గ్రూప్ 1, సివిల్స్ పిల్లలే ఎక్కువ, నాలాగ ఉద్యోగం చేసుకుంటూ ఇష్టం కొద్దీ వచ్చేవాళ్లు కూడా కొంతమంది ఉంటారు. సెంటర్ పేరు ఇక్కడ పెట్టట్లేదు, లోపాలు కూడా గట్టిగానే రాస్తున్నాను కాబట్టి. రేటింగ్ అడిగితే ఐదుకి నాలుగు. ఆ నాలుగూ ఎందుకు ఇచ్చానో, ఒకటి ఎందుకు కోశానో కాస్త వివరంగా రాస్తాను, ఓపికుంటే చదవండి.

మన వైజాగ్‌లో ఈ టాపిక్ చెప్పడమే నాకు నచ్చింది ముందు. తూర్పు నౌకాదళం హెడ్‌క్వార్టర్స్ ఉన్న ఊరు ఇది, నేవీ డే విన్యాసాలంటే బీచ్ రోడ్డు నిండిపోద్ది, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని చూపిస్తాం, ప్రతి వీధిలోనూ నేవీలోనో డాక్‌యార్డ్‌లోనో చేసినవాళ్లు ఒకరైనా ఉంటారు. యూనిఫాం అంటే ఇక్కడ భయం లేదు, గౌరవమే. అదే యూనిఫాం ఒక రోజు పొద్దున్నే పార్లమెంటు తలుపు తన్ని లోపలికొస్తే ఎలా ఉంటుందో మనకి ఊహకి కూడా రాదు, ఇక వాళ్లు తర్వాత తమకి తామే చెల్లుచీటీ రాసుకుంటారని, దాన్ని చట్టం అంటారని, అసలు తట్టదు. అందుకే మొదటి క్లాసులోనే పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు.

చెప్పే పద్ధతి గురించి రాయాలి, ఎందుకంటే ఈ కోర్సులో అసలు విలువ అక్కడే ఉంది. గైడ్ బుక్కు లేదు, పీపీటీ లేదు. ఆయా దేశాల క్షమాభిక్ష చట్టాల్లో ముఖ్యమైన ముక్కల్ని మాస్టారే తెలుగులో రాసి జిరాక్స్ తీసి ఇస్తారు, ప్రతి కాగితానికీ అవే ప్రశ్నలు వేయిస్తారు. ఇది రాసింది ఎవరు, రాసేటప్పుడు తుపాకీ ఎవరి చేతిలో ఉంది, ఏ తారీకు నుంచి ఏ తారీకు దాకా మాఫీ, బదులుగా వాళ్లేం ఇవ్వాలి, ఇవ్వకపోతే ఏమవుద్ది. శిక్ష పడ్డాక రాష్ట్రపతి మాఫీ చేయడం వేరు, అసలు కేసే పెట్టకూడదని ముందే చట్టం చేసేయడం వేరు అని మొదటి రోజే బోర్డు మీద గీత గీసి చెప్పారు, మన రాజ్యాంగంలో 72వ ఆర్టికల్ మొదటి రకం అని కూడా. పరీక్ష రాసేవాళ్లకి ఆ ఒక్క ముక్క చాలు డబ్బులు గిట్టినట్టే.

చిలీ కాగితం చూడండి. 1973 సెప్టెంబర్ 11న సైన్యాధిపతి పినోచెట్ కుట్ర జరిగింది, 1978 ఏప్రిల్‌లో ఆయన ప్రభుత్వమే 2191 నంబరు డిక్రీ తెచ్చింది, కుట్ర జరిగిన రోజు నుంచి 1978 మార్చి 10 దాకా జరిగిన నేరాలకి మాఫీ అని. మొదలు పెట్టిన తారీకు కుట్ర తారీకే, అంటే ఇంకేం దాచలేదు. అమెరికా గట్టిగా పట్టుకున్న ఒక్క కేసు మాత్రం ఆ మాఫీలోంచి తీసేశారు, పినోచెట్‌ని వ్యతిరేకించిన మాజీ మంత్రి లెటెలియర్‌ని వాషింగ్టన్‌లో 1976లో కారులో బాంబు పెట్టి చంపిన కేసు. సొంత దేశంలో మాయమైన మనుషులకి మాఫీ వర్తిస్తుంది, అమెరికాలో చంపినదానికి వర్తించదు. దీని తర్వాత మాస్టారు చెప్పింది విని క్లాసంతా కాసేపు గోలగోల అయిపోయింది. చిలీ కోర్టులు తర్వాతి కాలంలో ఏం చేశాయంటే, ఎత్తుకుపోయిన మనిషి శవం దొరకలేదు కాబట్టి ఆ కిడ్నాప్ ఇంకా కొనసాగుతూనే ఉంది, 1978 మార్చితో అయిపోలేదు, కాబట్టి మాఫీ దానికి తగలదు అన్నాయి. శవాన్ని దాచేసి సాక్ష్యం లేకుండా చేశామనుకున్నోళ్లకి ఆ దాచడమే ఉచ్చయింది. చట్టాన్ని కొట్టేయకుండానే, చట్టంలో ఉన్న తారీకుతోనే దాన్ని ఓడించారు. లా చదివే ఒక అమ్మాయి ఆ కాగితం మీద మొత్తం అండర్‌లైన్ చేసేసుకుంది, నాక్కూడా ఇప్పటికీ ఆ పాయింటే బుర్రలో తిరుగుతోంది.

బంగ్లాదేశ్ క్లాసు మనకి దగ్గరది కాబట్టి అందరూ బాగా మాట్లాడారు. 1975 ఆగస్టు 15న దేశాధ్యక్షుడు ముజిబుర్ రెహమాన్‌ని ఆర్మీ ఆఫీసర్లు ఇంట్లోనే కుటుంబంతో సహా చంపేశారు, విదేశాల్లో ఉన్న ఇద్దరు కూతుళ్లే మిగిలారు. సెప్టెంబర్ 26కల్లా ఆయన కుర్చీ ఎక్కిన ముష్తాక్ అహ్మద్ ఇండెమ్నిటీ ఆర్డినెన్స్ తెచ్చేశాడు, చంపినోళ్ల మీద ఏ కోర్టులోనూ కేసు వేయకూడదని. తర్వాత అధ్యక్షుడైన జనరల్ జియావుర్ రెహమాన్ టైములో 1979లో ఐదో సవరణ పెట్టి దాన్ని రాజ్యాంగంలోకి ఎక్కించారు, చంపినోళ్లలో కొంతమందికి ఎంబసీల్లో ఉద్యోగాలు కూడా ఇచ్చారు. ఆ జియానే 1981 మే 30న చిట్టగాంగ్‌లో ఆర్మీ ఆఫీసర్లు కాల్చి చంపారు. మాస్టారు ఈ రెండు తారీకులూ బోర్డు మీద పక్కపక్కన రాసి చాక్‌పీస్ కింద పెట్టేశారు, ఒక్క ముక్క కూడా అదనంగా చెప్పలేదు. చివరికి 1996 నవంబర్‌లో పార్లమెంటు ఆ ఆర్డినెన్స్‌ని రద్దు చేసింది, 1998లో తీర్పు వచ్చింది, 2010 జనవరి 28న ఐదుగుర్ని ఉరి తీశారు. చంపిన రోజు నుంచి లెక్కేస్తే ముప్పై నాలుగేళ్లు దాటింది. ఉరిశిక్ష మీద నాకు వేరే అభిప్రాయం ఉంది, అది ఇక్కడ రాయను, కానీ మాఫీ ఇచ్చేస్తే గొడవ సర్దుకుంటుంది అనే మాట బంగ్లాదేశ్ కాగితం చదివాక ఎవరూ ఎత్తకూడదు.

పాకిస్తాన్ తొందరగా అయిపోయింది, జియా ఉల్ హక్ 1985లో ఎనిమిదో సవరణతో, ముషారఫ్ 2003లో పదిహేడో సవరణతో తాము చేసిందంతా సక్రమమే అని రాయించుకున్నారు అంతే. ముషారఫ్‌కి 2019లో రాజద్రోహం కింద మరణశిక్ష వేసింది కూడా 2007 ఎమర్జెన్సీకే, 1999 కుట్రకి కాదు అనేది మాత్రం చాలామందికి కొత్త విషయం. ఇక్కడ ఇంకో అరగంట ఇచ్చుంటే బాగుండేది.

ఇక ఫిజీ. ఈ కోర్సులో ఫిజీ క్లాసు ఒక్కదాని కోసం వెళ్లినా నష్టం లేదు, నేను రాసే నాలుగు స్టార్లలో రెండు దానివే. పసిఫిక్ సముద్రంలో దీవుల దేశం అది. 1879 మే 14న మొదటి గిర్మిట్ కూలీల, అంటే మన దేశం నుంచి ఒప్పందం మీద తీసుకెళ్లిన కూలీల ఓడ లియోనిడాస్ ఫిజీ చేరింది. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా దక్షిణాది వాళ్లని తీసుకెళ్లడం మొదలైంది, అందులో కృష్ణా, గోదావరి, మన విశాఖపట్నం జిల్లాల వాళ్లు కూడా ఉన్నారు, చెరకు తోటల్లో ఐదేళ్ల కాగితం మీద వేలిముద్ర వేసి వెళ్లినవాళ్లు. సరిగ్గా 1987 మే 14న, అదే తారీకున, లెఫ్టినెంట్ కల్నల్ రబుకా పార్లమెంటులోకి సైనికుల్ని తీసుకొచ్చి నెల రోజుల ప్రభుత్వాన్ని పడగొట్టాడు, కారణం ఏమయ్యా అంటే ఆ ప్రభుత్వంలో భారతీయుల బలం ఎక్కువైంది. సెప్టెంబర్‌లో మళ్లీ ఇంకో కుట్ర. 1990 రాజ్యాంగంలో తనకీ తన మనుషులకీ మాఫీ పెట్టించుకున్నాడు, 1992లో ప్రధాని కూడా అయ్యాడు.

అక్కడితో ఆగిందా అంటే లేదు. 2000 మే 19న జార్జ్ స్పెయిట్ అనే వ్యాపారి సాయుధుల్ని వేసుకుని పార్లమెంటులోకి దూరి, మొదటి భారతీయ మూలాల ప్రధాని మహేంద్ర చౌదరిని, ఆయన మంత్రుల్ని 56 రోజులు బందీలుగా పెట్టాడు. బందీల్ని వదలడానికి మాఫీ ఒప్పందం రాశారు, షరతు ఏంటంటే ఎత్తుకెళ్లిన ఆయుధాలన్నీ తిరిగిచ్చేయాలి. అన్నీ ఇవ్వలేదు, దాంతో మాఫీ చెల్లదని ఆర్మీ అతన్ని పట్టుకుంది, 2002లో మరణశిక్ష పడింది, అదే రోజు జీవిత ఖైదుగా మార్చారు. అప్పుడు ఆర్మీ చీఫ్ బైనిమరామా. 2000 నవంబర్ 2న ఆయన సొంత బ్యారక్‌లోనే తిరుగుబాటు జరిగి ఆయన్ని చంపబోయారు, ఎనిమిది మంది సైనికులు పోయారు. అందుకే 2005లో ప్రధాని కరాసే ప్రభుత్వం 2000 కుట్రదారులకి మాఫీ ఇచ్చేలా సయోధ్య బిల్లు తెస్తే అందరికంటే గట్టిగా అడ్డం నిలబడింది బైనిమరామానే. కుట్ర చేసినోణ్ని వదలకూడదు అన్నాడు. అని 2006 డిసెంబర్ 5న తనే కుట్ర చేశాడు! రెండు నెలలు తిరక్కుండా తన సైన్యానికి మాఫీ ప్రకటన, 2013 రాజ్యాంగంలో దానికోసం పదో అధ్యాయం మొత్తం, ఆ అధ్యాయాన్ని సవరించకూడదు, రద్దు చేయకూడదు, తిరగదోడకూడదు అని అందులోనే రాసి పెట్టాడు. మధ్యలో 2009 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు ఈ ప్రభుత్వం చట్టవిరుద్ధం అని తీర్పిస్తే మర్నాడే రాజ్యాంగాన్ని ఎత్తేశారు. ఆ బైనిమరామా 2024లో జైలుకెళ్లాడు కానీ ఒక పోలీసు దర్యాప్తుని ఆపించిన కేసులో, ఏడాది శిక్ష మీద. కుట్రకి కాదు. అదే ఏడాది సెప్టెంబర్‌లో స్పెయిట్‌ని క్షమించి వదిలేశారు, అప్పుడు ప్రధాని ఎవరు, 1987 రబుకా.

ఇదంతా ఒక్క దేశంలో, ఒక మనిషి జీవితకాలంలో. మాస్టారు ఎంత బాగా చెప్పారంటే బోర్డు మీద ఒక్కో మాఫీ పక్కన తర్వాతి కుట్ర తారీకు రాసుకుంటూ పోయారు, పిల్లలు తామంతట తామే గీతలు కలిపేసుకున్నారు.

వెనక బెంచీలో గాజువాక నుంచి వచ్చే ఒక కుర్రాడు లేచి అడిగాడు, "అయితే మాస్టారూ, బందీల నెత్తి మీద తుపాకీ ఉన్నప్పుడు సంతకం పెట్టకపోతే ఏం చేస్తారు, వాళ్లని చంపేసుకోమంటారా" అని. మంచి ప్రశ్న, ఈ టాపిక్‌లో అసలు ప్రశ్న అదే. దానికి మాస్టారు కరీబియన్ దేశం ట్రినిడాడ్ కాగితం తీశారు. 1990 జులై 27న యాసిన్ అబూ బకర్ ముఠా పార్లమెంటునీ టీవీ స్టేషన్‌నీ పట్టుకుంది, వాళ్లు సైనికులు కాదు, కానీ చేసింది కుట్రే. ప్రధాని రాబిన్సన్‌ని కాలి మీద కాల్చారు, ఆయనేమో ఆర్మీకి పూర్తి బలంతో దాడి చేయమనే చెప్పాడు. తాత్కాలిక అధ్యక్షుడు మాఫీ మీద సంతకం పెట్టాడు. ముఠా ఆ కాగితం చేతిలో పెట్టుకుని బందీల్ని వెంటనే వదలకుండా ఇంకా బేరాలు ఆడింది, తర్వాత లొంగిపోయింది. 114 మంది మీద కేసు నడిచింది, మాఫీ చెల్లుతుందని అక్కడి కోర్టు 1992లో వదిలేసింది. 1994లో ప్రీవీ కౌన్సిల్, అంటే లండన్‌లో ఉండే వాళ్ల ఆఖరి అప్పీలు కోర్టు, చెప్పింది ఏంటంటే, ఆ మాఫీ బందీల్ని తొందరగా వదలడం కోసం ఇచ్చింది, కాగితం అందాక కూడా రోజుల తరబడి బేరమాడారు కాబట్టి అది చెల్లదు, కానీ కోర్టే వదిలేశాక మళ్లీ పట్టుకోవడం అన్యాయం, కాబట్టి ఇక ముట్టుకోవద్దు అని. తప్పు తేలింది, మనుషులు బయటే ఉన్నారు. కుర్రాడు కూర్చోకుండా అలాగే నిలబడి విన్నాడు. మాస్టారు జవాబు ఒక్కటే, ప్రాణాలు కాపాడ్డానికి సంతకం పెట్టండి, కానీ షరతు రాయండి, గడువు రాయండి, తప్పితే ఏమవుద్దో కూడా అందులోనే రాయండి. నేను దీనికి పూర్తిగా ఒప్పుకుంటాను.

ఒప్పుకోని చోటు కూడా ఉంది. ఉరుగ్వే క్లాసులో మాస్టారు కాస్త మెత్తబడ్డారు. అక్కడ 1973 నియంతృత్వం వాళ్లకి 1986లో పార్లమెంటు ఇచ్చిన మాఫీని 1989లో జనమే ఓటేసి ఉంచారు, 2009లో మళ్లీ ఓటింగ్ పెడితే అప్పుడు కూడా తీసేయడానికి సరిపడా ఓట్లు రాలేదు. జనం క్షమించాక బయటివాళ్లం మనమెవరం అన్నట్టు మాట్లాడారు. అంతర్ అమెరికా మానవ హక్కుల కోర్టు 2011లో గెల్మన్ కేసులో దీనికి జవాబిచ్చింది, మెజారిటీ ఓటు పడినా బాధితుల హక్కు పోదు అని. ఆ తీర్పు కాగితాల్లో ఉంది కానీ క్లాసులో రెండు నిమిషాల్లో దాటేశారు. నాకు అసలు గుచ్చుకున్నది ఇక్కడే. ఓటేసేది ఎవరు, దేశంలో మిగిలినవాళ్లు. పారిపోయినవాళ్లు, తరిమేయబడ్డవాళ్లు, మాయమైనవాళ్లు ఆ లైన్లో నిలబడరు కదా. ఫిజీలో 1986 జనాభా లెక్కల్లో భారతీయులు దాదాపు సగం, 2007కి 37.5 శాతం. వెళ్లిపోయినవాళ్లని అడిగి స్పెయిట్‌ని వదిలారా? ఎవరు అడిగారు వాళ్లని?

దక్షిణ కొరియా గురించి మాత్రం మాస్టారితో నాకు పేచీ లేదు. జనరల్ చున్ డూ హ్వాన్ 1979 డిసెంబర్ 12న కుట్ర చేశాడు, 1995లో ప్రాసిక్యూటర్లు గెలిచిన కుట్రకి శిక్ష ఉండదన్నారు, జనం రోడ్డెక్కారు, ప్రత్యేక చట్టం వచ్చింది, 1996లో మరణశిక్ష, తర్వాత జీవిత ఖైదు. 1997 డిసెంబర్‌లో క్షమించి వదిలేశారు, అందుకు ఒప్పుకున్నవాళ్లలో కొత్తగా ఎన్నికైన కిమ్ డే జంగ్ ఉన్నాడు, 1980లో చున్ ప్రభుత్వం ఉరిశిక్ష వేయించింది ఆ కిమ్‌కే. ముందు విచారణ, తర్వాత తీర్పు, ఆ తర్వాత దెబ్బ తిన్న మనిషి సమ్మతి. ఇలా ఇస్తే క్షమాభిక్ష అనొచ్చు. అర్జెంటీనా ఇంకా ముందుకెళ్లి 1994లో రాజ్యాంగం 36వ ఆర్టికల్లో కుట్ర చేసినోళ్లకి క్షమాభిక్షే ఉండదని రాసేసుకుంది, 1976 సైనిక ప్రభుత్వం పోతూ పోతూ 1983లో తనకి తానే మాఫీ రాసుకున్న అనుభవం ఉంది కదా వాళ్లకి.

ఇప్పుడు కోసిన స్టార్ సంగతి. కోర్సు మొత్తంలో బర్మా లేదు. లాటిన్ అమెరికా ఉంది, ఆఫ్రికా కొంచెం ఉంది, రంగం (మనవాళ్లు రంగూన్‌ని అలాగే అంటారు) లేదు! ఇది విశాఖపట్నం మాస్టారూ. మన ఉత్తరాంధ్రలో ఎన్ని ఇళ్లలో తాతలు రంగం వెళ్లొచ్చిన కథలు ఉన్నాయి, కంచరపాలెం వైపు బర్మా క్యాంప్ అనే పేటే ఉంది. 1962 మార్చి 2న బర్మా ఆర్మీ చీఫ్ నె విన్ కుట్ర చేశాడు, 1963, 64ల్లో షాపులు, గోడౌన్లు అన్నీ జాతీయం చేశాడు, 1964 మేలో 50, 100 చాట్ నోట్లు చెల్లవన్నాడు, లక్షల మంది భారతీయులు ఉన్నదంతా అక్కడే వదిలేసి ఓడలెక్కారు. నాకు తెలిసిన ఒక పెద్దావిడ ఆ క్యాంప్ మనిషే, చిన్నప్పుడు వచ్చేశారు, వాళ్ల నాన్నగారి బట్టల కొట్టు తాళం చెవి ఇప్పటికీ బీరువాలో ఉంది, కొట్టు ఏ వీధిలో ఉండేదో కూడా చెప్తారు. ఆవిడని ఎవరైనా ఎప్పుడైనా క్షమిస్తావా అమ్మా అని అడిగారా.

నె విన్ మీద ఆ కుట్రకి కేసే లేదు, 2002లో చనిపోయాడు. అదే సైన్యం 1988లో మళ్లీ కుట్ర చేసింది. 2008లో నర్గీస్ తుఫాను వచ్చి వారం తిరగ్గానే రిఫరెండం పెట్టి రాజ్యాంగం తెచ్చుకుంది, అందులో 445వ సెక్షన్ ఏం చెప్తుందంటే, 1988 తర్వాత పాలించిన సైనిక మండళ్ల మీదా వాటి సభ్యుల మీదా విధుల్లో భాగంగా చేసిన ఏ పనికీ చర్య తీసుకోకూడదు. పార్లమెంటులో పావు వంతు సీట్లు సైన్యానివే, ముఖ్యమైన సవరణలకి 75 శాతం దాటాలి, అంటే సైన్యం ఒప్పుకోకుండా కదలదు. 2021 ఫిబ్రవరి 1న మళ్లీ కుట్ర. మాస్టారు ఫిజీలో చూపించిన గీతలు ఇక్కడ ఇంకా లోతుగా ఉన్నాయి, పైగా దెబ్బ తిన్నవాళ్ల పిల్లలు ఆటోలో పది నిమిషాల దూరంలో ఉన్నారు, పిలిస్తే వచ్చి మాట్లాడతారు. బ్రేక్‌లో వెళ్లి అడిగాను, "సిలబస్‌లో టైం సరిపోలేదండి, చూద్దాం" అన్నారు. ఆయన్ని నేను గౌరవిస్తాను, అయినా ఈ జవాబు నాకు నచ్చలేదు.

మిగతా ఇబ్బందులు కూడా చెప్పేస్తాను. రూము చిన్నది, ఏసీ ఒక మూలకే తగులుద్ది, మైకు లేదు, కింద రోడ్డు హారన్లకి వెనక వరస వాళ్లకి సగం వినపడదు, కాబట్టి ముందొచ్చి ముందు కూర్చోండి. జిరాక్స్‌లకి ఫీజు కాకుండా విడిగా తీసుకుంటున్నారు, ఆ మాట జాయినయ్యేటప్పుడు చెప్పరు, చెప్తే ఎవరూ కాదనరు కదా. డబ్బులు కట్టించుకునే కుర్రాళ్లకి కోర్సు గురించి ఏమీ తెలియదు, డౌటుంటే మాస్టారినే అడగండి, ఆయన క్లాసయ్యాక ఎంతసేపైనా కూర్చుంటారు. బండి పెట్టుకోవడానికి చోటు ఉండదు, ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా బస్సులో వచ్చి నడవడం నయం. కాగితాలు మాత్రం పారేయకండి, తెలుగులో ఇవన్నీ ఒక్కచోట నాకు ఇంకెక్కడా దొరకలేదు. ఆయన తెలుగు కూడా లీగల్ తెలుగులా బిగుసుకుపోకుండా చదివితే అర్థమయ్యేలా ఉంది.

ఎవరు వెళ్లాలి అంటే మెయిన్స్ రాసేవాళ్లు తప్పకుండా, లా స్టూడెంట్లు, మామూలుగా పేపర్లో బ్రెజిల్ మాజీ అధ్యక్షుడు బోల్సొనారో వార్త చదివి ఏంటో అర్థం కానివాళ్లు కూడా. 2025 సెప్టెంబర్‌లో ఆయనకి కుట్ర కేసులో 27 ఏళ్ల 3 నెలల శిక్ష పడింది, ఆయన మనుషులు మాఫీ చట్టం కోసం పట్టుబట్టారు, 1964 కుట్ర వాళ్లని 1979 మాఫీ చట్టం కాపాడిన దేశం అది, ఈ కోర్సు విన్నాక ఆ వార్త ఇంకోలా చదువుతారు. ఒట్టి ఎంసీక్యూల కోసమైతే వద్దు, టెస్టులు పెట్టరు.

కొత్త బ్యాచ్ మళ్లీ ఇదే టాపిక్ మీద పెడతామంటున్నారు. జాయినయ్యేవాళ్లు మొదటి రోజే బర్మా క్లాసు అడగండి, నలుగురు అడిగితే పెడతారు. 445వ సెక్షన్ నేను తెలుగులో రాసి ఆఫీసులో ఇచ్చొచ్చాను, ఆ పెద్దావిడ కూడా వచ్చి మాట్లాడతానన్నారు, సాయంత్రం పూట అయితే మెట్లెక్కడానికి ఎవరైనా ఒకరు తోడుండాలి అంతే, లిఫ్ట్ పనిచేయట్లేదు అక్కడ.